చిన్నింటి వాన

పోయిన వారం మనం ఒక మాట దగ్గర ఆగిపోయాం. తమ్ముడి నోరు జారింది. ఆ మాట నేరుగా వెళ్ళి అమ్మ ఒళ్ళో పడింది.

చిన్నిల్లు.

ఇప్పుడే మనతో బండెక్కినవాళ్ళ కోసం రెండు ముక్కలు. అక్కాతమ్ముళ్ళ నాన్న, కళ్ళజోళ్ళాయన అని ఊరూరా పేరున్న మనిషి. ఇల్లుబండిలో తిరుగుతూ, అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, జనానికి చూపు పరీక్ష చేసి అద్దాలు బిగించేవాడు. పోయిన వానాకాలం కనపడకుండా పోయాడు. బండి మాత్రం చెరువు పక్కన దొరికింది. తలుపుకి తాళం లేదు, పక్క చెదిరి ఉంది, ట్యాంకులో డీజిల్ చుక్క లేదు. అంతకు ముందు సాయంత్రమే బంకులో ట్యాంకు నిండా పట్టించుకున్నాడు. బంకుకీ చెరువుకీ పెద్ద దూరం లేదు. మరి అంత డీజిల్ ఎక్కడ తిరిగితే ఖర్చయింది?

తమ్ముడు బంకుకి వెళ్ళి ఆరా తీశాడు. పంపు పట్టుకునే అతను కన్ను గీటాడు. "బండికి పట్టించాక డబ్బాలో కూడా పోయించుకునేవారండీ. ఇది చిన్నింటికి అనేవారు." తమ్ముడికి ఇంకేం కావాలి? నాన్న తప్పిపోలేదు, వెళ్ళిపోయాడు. ఆ దారిలో ఎక్కడో ఆయనకి ఇంకో కాపురం ఉంది. డీజిల్ అంతా అక్కడికి వెళ్ళి రావడానికే అయిపోయింది.

అక్క నమ్మలేదు. అమ్మని ఎక్కించుకుని, అదే బండిలో, నాన్న వెళ్ళిన దారినే వెతుక్కుంటూ బయల్దేరింది. నిన్న ఎత్తు ఎక్కుతుంటే బండి గుటకలు మింగి, మూలిగి, ఆగిపోయింది. నిన్న పొద్దున పట్టించిన డీజిల్ సాయంత్రానికి అడుగంటింది. ఇప్పుడు బండి ఒక మెకానిక్ షెడ్డులో ఉంది. తమ్ముడు వెనకాలే వచ్చాడు. వస్తూ వస్తూ బండి కొనే ఆయన్ని కూడా మాట్లాడుకుని వచ్చాడు. ఈ సాయంత్రం ఆయన వచ్చేలోపు డీజిల్ ఏమవుతోందో తేలాలి. తేలకపోతే బండి పోతుంది. బండితో పాటు నాన్నని వెతకడమూ పోతుంది.

* * *

షెడ్డు కప్పులో అక్కడక్కడా ఆకుపచ్చ ప్లాస్టిక్ రేకులు వేశారు. మధ్యాహ్నపు ఎండ వాటిలోంచి దిగేసరికి అంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. ఆ పచ్చటి వెలుగులో ఇల్లుబండి, మునిగిపోయి కూడా చెక్కు చెదరని పడవలా నిలబడి ఉంది. కిటికీ పక్కన నాన్న కళ్ళజోళ్ళ స్టాండు. ఫ్రేముల్లోని అద్దాలు ఎండని పట్టుకుని, లోపలి కప్పు మీద గుండ్రటి వెలుగు మచ్చలు వేశాయి. ఇంజిన్ వేస్తే అన్నీ కలిసి వణుకుతాయి. అమ్మ పొద్దుటినుంచీ మంచం మీద వెల్లకిలా పడుకుని వాటినే చూస్తోంది. ఆ మాట విన్నప్పటినుంచీ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు.

"పంపు విప్పాలి," అన్నాడు డాక్టర్.

డాక్టర్ అంటే మెకానిక్. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగం చెబుతాడని ఆ పేరు. చెప్పిన రోగాల్లో సగం నిజమవుతాయి. ఆయన మాట్లాడేది ఎప్పుడూ ఆ సగం గురించే.

"పొద్దున ఫిల్టర్ అన్నారు," అంది అక్క.

"అన్నాను. మార్చాను."

"తర్వాత పైపులో గాలి అన్నారు."

"గాలి ఉంది. తీసేశాను. బుడగలు నీ కళ్ళతో నువ్వే చూశావు కదమ్మా!"

చూసింది. ఫిల్టర్ నెత్తిన ఉన్న మర వదులు చేసి డాక్టర్ చేతిపంపు నొక్కుతుంటే ముందు తెల్లటి నురగ వచ్చింది. తర్వాత చిన్న చిన్న బుడగలు, ఒకదాన్నొకటి తరుముకుంటూ. తర్వాత ఒక్కొక్కటి, ఆలోచించుకుని వస్తున్నట్టు. చివరికి గాజు కడ్డీలాంటి ధార. డబ్బాతో కాస్త డీజిల్ ముందే పోసి ఉంచారు కాబట్టి, తాళం తిప్పితే ఇంజిన్ అందుకుంది.

"ట్యాంకు అడుగంటింది కాబట్టి గాలి పీల్చింది. సరే," అంది అక్క. "ఎందుకు అడుగంటింది? నా ప్రశ్న అది."

"అదే చెబుతున్నా. పంపు పాడై ఎక్కువ తాగేస్తోంది."

"ఎక్కువ తాగితే నల్లపొగ రావాలి కదా? వెనక గొట్టం దగ్గర తెల్ల గుడ్డ పట్టి చూశాను. అంత మసి లేదు."

డాక్టర్ స్క్రూడ్రైవర్ చెవి దగ్గర నుంచి దించాడు. "అమ్మాయీ, వైద్యం నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న తమ్ముడు లేచి వచ్చాడు. కోపంగా లేడు. నిద్రలేని మొహం. "అక్కా, ఇక ఆపు. డాక్టర్‌గారూ, మీరు కూడా ఏమీ విప్పకండి. కొనే ఆయన ఎలా ఉంటే అలా తీసుకెళ్తానన్నాడు. బండి చూడలేదు, ఫోటో చూసి సరేనన్నాడు. అలాంటి బేరం మళ్ళీ రాదు."

"డీజిల్ ఏమవుతోందో తెలుసుకోనీ."

"తెలిసిందిగా! చిన్నింటికి వెళ్ళొచ్చింది. ఇంకెక్కడికి పోతుంది?"

"మెల్లగా. అమ్మ మళ్ళీ వింటుంది."

"విననీ. విన్న మాటేగా. ఆవిడ ఇప్పటికే మంచం కింద వాన కురుస్తోందంటోంది. మొన్న ఫోన్‌లో నాతో ఏమందో తెలుసా? 'ఒరేయ్ నాన్నా, బండి నడిచినంతసేపూ కింద వాన, పైన మాత్రం ఎండ' అంది. ఆవిణ్ణి ఇలా రోడ్ల వెంట తిప్పకుండా అసలు డాక్టర్‌కి చూపించాలి."

"అసలు డాక్టర్ అంటే?" అన్నాడు మెకానిక్, నొచ్చుకుని.

ఎవరూ పట్టించుకోలేదు. అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. నాన్న చేసిచ్చిన కళ్ళజోడే ఇంకా పెట్టుకుని తిరుగుతున్నాడు వీడు.

"ఒరేయ్. నాన్న పట్టించిన డీజిల్ చిన్నింటికి పోయింది. బాగుంది. నిన్న నేను పట్టించింది కూడా మాయమైంది. నేను ఈ దారి తప్ప వేరే దారి ఎక్కలేదు. పక్కన అమ్మ ఉంది. మరి నాకూ ఉందా చిన్నిల్లు?"

తమ్ముడు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

డాక్టర్‌కి నవ్వాగలేదు. "పాయింటే! ఇద్దరు డ్రైవర్లు, ఒకటే జబ్బు. అంటే జబ్బు డ్రైవర్‌ది కాదు." నవ్వుతూ నవ్వుతూనే ఆయన మొహం మారింది. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "అమ్మాయీ, ఇంజిన్ అలాగే నడవనీ. ట్యాంకు మూత తియ్యి. చెవి పెట్టు."

"ఎందుకు?"

"డీజిల్ పంపు లాగినదంతా ఇంజిన్ కాల్చదు. కావలసింది కాల్చుకుని మిగతాది తిరుగు పైపులోంచి ట్యాంకులోకే పంపించేస్తుంది. మా ఆవిడ బట్టల కొట్టుకి వెళ్ళినట్టు. కొట్టంతా దింపిస్తుంది, ఒకటి తీసుకుంటుంది, మిగతావన్నీ మళ్ళీ అరల్లోకే. మూత దగ్గర చెవి పెడితే అది పడే చప్పుడు వినపడాలి. సన్నగా, గలగలమని."

అక్క మూత తీసి, చెంప చల్లటి రేకుకి ఆనించింది. మొదట ఇంజిన్ మోత. తర్వాత ఆ మోత ఎటో తేలిపోయింది. ట్యాంకు లోపల చీకటి, ఒక పెద్ద గుహలా, ఊపిరి తీసుకుంటున్నట్టనిపించింది. ఎక్కడో తన గుండె చప్పుడే తనకి తిరిగి వస్తోంది. కళ్ళు మూసుకుంది. చిన్నప్పుడు నాన్న ఒళ్ళో కూర్చుని, ఒక్కో అద్దం మారుస్తుంటే, గోడ మీద అక్షరాలు మసకలోంచి తేలి వచ్చేవి. ఇప్పుడు కనిపిస్తోందా తల్లీ? ఇప్పుడు?

"వినపడుతోందా?"

"లేదు."

"సరిగ్గా విను."

"ఏమీ పడటం లేదు డాక్టర్‌గారూ. లోపల అంతా నిశ్శబ్దం."

డాక్టర్ ఆమెని పక్కకి జరిపి తనే చెవి పెట్టాడు. లేచాడు. మళ్ళీ పెట్టాడు. "వెళ్ళింది వెళ్ళినట్టే ఉంది, తిరిగి రావట్లేదు," అన్నాడు, ఎవరో మనిషి గురించి మాట్లాడుతున్నట్టు. "మరి ఎక్కడ పడుతోంది?"

"వాన కోసం వెతుకుతున్నారా?"

ముగ్గురూ తలలెత్తారు. అమ్మ కిటికీలోంచి చూస్తోంది. జుట్టు రేగి, దిండు గుర్తు చెంప మీద ఎర్రగా పడి ఉంది.

"అది నిన్ననే ఆగిపోయింది. మొదట్లో పెద్దగా కురిసేది. సగం నిండిన బిందెలో పడ్డట్టు. రోజురోజుకీ మెత్తబడింది. నిన్న మధ్యాహ్నం నిండిపోయినట్టుంది, ఇక వినపడలేదు. అప్పటినుంచీ కిరసనాయిలు కంపు ఒకటే మిగిలింది."

నిండిపోయినట్టుంది. ఆ ముక్కని అక్క చటుక్కున పట్టుకుంది. డాక్టర్ అప్పటికే కింద పడుకుని, బండి వెనక చక్రాల మధ్యకి పాకేశాడు. కింది నుంచి తిట్టు ఒకటి వినపడింది.

"ఏమైంది?"

"ఇక్కడో సన్నటి గొట్టం కారుతోంది. పొద్దున నేను చూశాను. వంటగది నీళ్ళ గొట్టం అనుకుని వదిలేశాను." గొంతు తగ్గించి, "నీళ్ళు కాదు. డీజిల్," అన్నాడు.

* * *

మంచం చెక్క ఎత్తాలంటే అమ్మ లేవాలి. అమ్మ లేచింది గానీ, దుప్పటి మడత పెట్టందే ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కొస కొసకి కలిపి, చేత్తో నిమిరి, మడిచి, దిండు మీద పెట్టి, అప్పుడు, "ఊఁ, కానీండి," అంది.

కింద ప్లైవుడ్ పెట్టె. మూతకి లోపలి వైపు మందపాటి కంబళి అతికించి ఉంది. మూత తీయగానే డీజిల్ వాసన గుప్పుమంది. లోపల, అంగుళం సందు లేకుండా అమర్చిన ఇంకో ట్యాంకు. డబ్బాతో పోసుకోవడానికి దానికో మూత. దాని పక్కన రెండు ఇత్తడి కుళాయిలు. బయటి నుంచి చూసేవాళ్ళకి అడుగున రేకు తప్ప ఏమీ కనపడకుండా చేశాడు చేసిన మనిషి.

"ఎప్పుడు పెట్టించాడే ఇది?" అంది అమ్మ.

"నీ మోకాళ్ళ నొప్పులతో నువ్వు బండెక్కడం మానేశాక అయ్యుంటుంది. ఒక్కడే దూరాలు తిరిగేవాడు కదా. బంకులు లేని దారులు."

ట్యాంకు మీద నల్ల రంగుతో ఏదో రాసి ఉంది. నాన్న చూపు పరీక్ష అట్టల మీద అక్షరాలు తనే వేసుకునేవాడు. పైన అరచేతంత అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. అట్ట మీద చిట్టచివరి వరుసంత చిన్న అక్షరాలు, అదే చేతివాటం. తమ్ముడు వంగాడు. కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. పెట్టుకున్నాడు.

"చదవరా," అంది అక్క.

వాడు చదవలేదు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

అమ్మ వాడి భుజం మీదుగా వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "చి... న్ని... ల్లు."

అమ్మ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకుని అక్క పట్టుకోబోయింది. అమ్మ నవ్వుతోంది. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు.

"నా మంచం కిందే కాపురం పెట్టాడే మీ నాన్న! డబ్బా పట్టుకెళ్ళి బంకు వాడితో ఇది చిన్నింటికి అంటాడా! ఊరంతా నవ్వుకుంటారన్న సిగ్గు కూడా లేదు మనిషికి. నేను వారం రోజులుగా దాని నెత్తి మీదే పడుకుని కుళ్ళి కుళ్ళి ఏడుస్తున్నాను చూడు."

"అమ్మా," అన్నాడు తమ్ముడు. అమ్మ వాడి తల మీద చెయ్యి వేసి, "లేరా, నేల మురికిగా ఉంది," అంది.

డాక్టర్ కుళాయిల మీదకి వంగాడు. ఎవరి కన్నీళ్ళూ ఆయనకి పట్టవు. "చూశావా అమ్మాయీ. ఇది ఇంజిన్ ఏ ట్యాంకు నుంచి తాగాలో చెప్పేది. ఇది మిగిలింది ఏ ట్యాంకులో పడాలో చెప్పేది. రెండు పిడులూ ఎప్పుడూ ఒకే వైపుకి ఉండాలి. ఇక్కడ తాగేది పెద్ద ట్యాంకు నుంచి, వదిలేది చిన్న ట్యాంకులోకి. పెద్దది ఎండిపోతుంది, చిన్నది నిండి బయటికి పొర్లుతుంది. మైలేజీ ఎక్కడినుంచి వస్తుంది? నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను, పంపు బంగారంలా ఉందని."

"మీరే కదండీ విప్పుదామన్నారు?"

"విప్పి, బంగారంలా ఉందని చూపిద్దామనుకున్నా."

అక్క వినడం లేదు. రెండో పిడిని చూస్తోంది. అది కొంచెం వంగి ఉంది. దాని పక్కన ప్లైవుడ్ మీద కొత్త గీత, బరువైనదేదో లాగితే పడ్డట్టు. పిడిని ఎవరూ తిప్పలేదు. ఏదో తగిలి తిరిగింది.

ఒక కన్ను సరిచేసి రెండోది వదిలేసే మనిషి కాదు నాన్న.

"తమ్ముడూ, చెరువు దగ్గర బండి ఎందుకు ఆగింది?"

"డీజిల్ అయిపోయి. అందరికీ తెలిసిందే కదా."

"పెద్ద ట్యాంకులో అయిపోయింది. ఇందులోకి అప్పటికే చాలా చేరి ఉంటుంది. మంచం ఎత్తి ఈ పిడులు తిప్పితే చాలు, బండి మళ్ళీ నడిచేది. ఆ సంగతి లోకంలో ఒకే ఒక్కడికి తెలుసు. పేరు కూడా ఆయనే పెట్టాడు." ఆమె గొంతు తనకే దూరంగా వినపడింది, ట్యాంకు లోపలి నుంచి వస్తున్నట్టు. "తెలిసినవాడు చీకట్లో బండి వదిలేసి ఎందుకు దిగిపోతాడు?"

తమ్ముడు వంగిన పిడిని వేలితో తాకాడు.

"అంటే... ఆ రోజు..."

"బండి నడిపింది నాన్న కాదు. ఎవరో ఈ మంచం ఎత్తారు. ఇందులోంచి ఏదో తీశారు, లేకపోతే దాచారు. పిడికి తగిలింది కూడా వాళ్ళకి తెలియదు. బండి ఉన్నట్టుండి ఎందుకు ఆగిపోయిందో అసలే తెలియదు."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "బండి అమ్మను," అన్నాడు. ఇన్నాళ్ళకి వాడి గొంతు వాడిలా ఉంది. "ఆయనకి ఫోన్ చేసి రావద్దని చెబుతాను."

ఫోన్ తీసేలోపే బయట కారు హారన్ మోగింది.

* * *

కొనడానికి వచ్చిన ఆయన మర్యాదస్తుడు. ఇస్త్రీ చొక్కా, చక్కటి నవ్వు. తమ్ముడు చేతులు నలుపుకుంటూ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"అయ్యో, దానికేముంది బాబూ! ఇంట్లో మనిషి జ్ఞాపకం. అమ్మబుద్ధి కాకపోవడం సహజమే కదా," అన్నాడు. "ఇంత దూరం వచ్చాను కాబట్టి ఒక్కసారి ఎక్కి చూసి పోతాను. ఇలాంటి బండి నేను ఎక్కడా చూడలేదు. ఫోటోలో చూడటమే."

కాదనడానికి ఏముంది? ఇంజిన్ ఇంకా నడుస్తూనే ఉంది. డాక్టర్ రెండు పిడులూ చిన్నింటి వైపు తిప్పి, మంచం మూసేశాడు. ఎంత వద్దన్నా వినకుండా అమ్మ మళ్ళీ దాని మీదే పడుకుంది. "కాసేపు ఆపకండర్రా, ఇప్పుడే కళ్ళు మూతలు పడుతున్నాయి," అని అటు తిరిగింది.

ఆయన డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆనించి, మోత వింటూ తల ఊపాడు.

ఈ బండికి తాళం తిప్పితే ఇంజిన్ ఆగదు. పాత డీజిల్ ఇంజిన్. పంపుకి డీజిల్ మూసే తీగ ఒకటుంటుంది, దాన్ని లాగాలి. ఆ తీగ రింగు అందరి బండ్లలోనూ ఎదురుగా ఉంటుంది. నాన్న బండిలో అది ఎప్పుడో విరిగితే, ఆయన దాన్ని సీటు కింద, ఎడమ మడమ వెనక బిగించుకున్నాడు. పొద్దున డాక్టర్ అంతటివాడు తాళం తిప్పి, ఇంజిన్ ఆగకపోయేసరికి తెల్లమొహం వేసి అక్కని కేకేశాడు. అక్కకి కూడా అది ఒక్క పట్టున రాదు. మొరాయిస్తుంది. ఇంజిన్ నాలుగుసార్లు దగ్గి, విసిగించి, అప్పుడు చస్తుంది. సగం మెలి తిప్పి లాగాలని నాన్న ఎన్నోసార్లు చెప్పేవాడు. ఆయన చేతికి మాత్రం ఒక్క లాగుకే ఆగిపోయేది.

"చక్కగా ఉంది," అన్నాడు ఆయన. "ఇక ఆపేద్దామా?"

రింగు ఎక్కడుందో చెప్పడానికి అక్క ముందుకి వంగింది.

ఆయన చెయ్యి తాళం వైపు వెళ్ళనే లేదు. చూపు కిటికీ బయటే ఉంది, పెదాల మీద ఆ నవ్వు అలాగే ఉంది. ఎడమ చెయ్యి మాత్రం నెమ్మదిగా సీటు కిందికి దిగింది. వెతుక్కోలేదు. సగం మెలి తిప్పి, ఒక్క లాగు లాగాడు.

ఇంజిన్ దగ్గలేదు. దీపం ఆర్పినట్టు ఆగింది.

తమ్ముడు అక్క వైపు చూశాడు. అక్క ఆ చేతి వైపు చూస్తోంది.

వెనక మంచం మీద నుంచి, సగం నిద్రలోంచి, అమ్మ గొంతు తేలి వచ్చింది.

"ఏవండీ... వచ్చేశారా?"